ఆట ముందు జోస్యం, ఆట తర్వాత లెక్క

ఎప్పటిలాగే ఈ పోస్టు కూడా పొడుగే. తీరిక చూసుకొని చదవండి. చదివాకే వచ్చే మీటింగుకు రండి. అక్కడ తేలాల్సిన విషయం ఒకటి ఇందులో ఉంది.

పోయిన ఆదివారం పొద్దున సిరొంచ బస్టాండు దగ్గర టీ తాగడానికి పోయాం. మన పిల్లలు ఆరేడుగురు ఒకే ఫోను మీద వంగి కూర్చున్నారు. క్రికెట్ అనుకున్నాం. కాదట, మెక్సికో దేశపు ఫుట్‌బాల్ లీగట! అక్కడ శనివారం రాత్రి తొమ్మిదైతే మనకు ఆదివారం పొద్దున ఎనిమిదిన్నర. అంటే మనం టీ తాగే వేళకు వాళ్ళ ఆట మొదలవుతుంది. ఒక పిల్లవాడు మమ్మల్ని చూసి, "రైల్వే తాతా, పాత ఆటలన్నీ చెప్తవు గదా, వచ్చే వారం అమెరికా గెలుస్తదా, క్రూజ్ అజుల్ గెలుస్తదా, ఒక్క మాట చెప్పు" అన్నాడు. అమెరికా అంటే దేశం కాదు, మెక్సికో నగరంలోని ఒక క్లబ్బు పేరు. క్రూజ్ అజుల్ దాని పోటీ క్లబ్బు. గోదావరి ఒడ్డున పిల్లలు అంత దూరపు ఆట చూస్తున్నారని సంతోషపడ్డాం. తర్వాత ఫోనులో జట్ల పేర్ల పక్కన రూపాయి గుర్తు కనబడింది. సంతోషం అక్కడే ఆగిపోయింది.

రెండు రోజుల తర్వాత మన గ్రూపులో ఒక ప్రతిపాదన వచ్చింది. అందరూ చూసే ఉంటారు. సంఘం హాలు పైకప్పుకు రేకులు కావాలి. అందుకని ప్రతి ఆదివారం మెక్సికో మ్యాచ్ ఫలితం మీద తలా వంద వేద్దాం, వచ్చిన డబ్బులో సగం సరిగ్గా చెప్పినవాళ్ళకు, సగం రేకులకు. కింద ఇంకో మాట కూడా రాశారు: ఇది జూదం కాదు, తెలివికి పరీక్ష అని. ఆ మాటకు జవాబే ఈ పోస్టు. ప్రతిపాదన పెట్టినవారి మీద మాకు కోపం లేదు. వానాకాలం మీటింగులో బకెట్లు పెట్టుకొని కూర్చున్నవాళ్ళలో మేమూ ఉన్నాం.

కొత్త సభ్యుల కోసం మా గురించి రెండు ముక్కలు. మేము పుట్టింది అరవ దేశంలోని తెలుగింట్లో. బడి చదువంతా తమిళంలోనే సాగింది. తెలుగు అక్షరాలు రైల్వేలో చేరాక స్టేషన్ బోర్డులు చూసి కూడబలుక్కొని నేర్చుకున్నాం. బల్లార్షాలో గూడ్సు ఆఫీసు గుమాస్తాగా ఏళ్ళ తరబడి పనిచేసి, రిటైరయ్యాక మా ఇంటావిడ పుట్టిన ఊరు సిరొంచకు వచ్చి, రైలు కూత వినబడని చోట స్థిరపడ్డాం. మేము రాసినదాన్ని ఆమె చదివి, తప్పులు దిద్దాకే గ్రూపులో పెడతాం. అందుకే 'నేను' అని కాకుండా 'మేము' అని రాస్తాం.

ముందు పిల్లలు అడిగినదానికి జవాబు చెప్పాలి.

ఆట ముందు ఫలితం చెప్పాలంటే ఏమేం చూడాలి? మెక్సికో మొదటి శ్రేణి లీగులో 18 జట్లు. ఏడాదికి ఒక పోటీ కాదు, రెండు. జూలై నుంచి డిసెంబరు దాకా ఒకటి, దాని పేరు అపెర్తురా, అంటే ప్రారంభం. జనవరి నుంచి మే దాకా రెండోది క్లౌసురా, అంటే ముగింపు. ఒక్కొక్క జట్టు 17 ఆటలు ఆడాక, పైన నిలిచిన జట్లు నాకౌట్‌కు పోతాయి. అక్కడ ఒక జత జట్లు రెండేసి ఆటలు ఆడి, గోల్స్ కలిపి చూసుకుంటాయి. కాబట్టి మొదట చూడాల్సింది ఇప్పుడు ఆడేది లీగు ఆటా, నాకౌట్ ఆటా అన్నది. లీగులో డ్రా అయినా సరిపోయే జట్టు ఒకలా ఆడుతుంది. ఓడితే ఇంటికే అన్న జట్టు ఇంకోలా ఆడుతుంది.

రెండోది ఎత్తు. మన ఊరు సముద్రమట్టానికి సుమారు వంద మీటర్ల ఎత్తులో ఉంటుంది. మెక్సికో నగరం 2,240 మీటర్లు. తొలుకా అనే ఊరు 2,600 మీటర్లకు పైనే. తీరప్రాంతం నుంచి వచ్చిన జట్టుకు అక్కడ అరవై నిమిషాలయ్యేసరికి ఊపిరి అందదు. మూడోది సొంత మైదానం, సొంత జనం. నాలుగోది గత ఐదారు ఆటల ఫలితాలు. ఐదోది ఎవరికి దెబ్బలు తగిలాయి, ఎవరికి రెడ్ కార్డు వచ్చింది, వారంలో ఎన్ని ఆటలు ఆడారు అన్నది. ఈ ఐదూ చూసి ఏదో ఒకటి చెప్పొచ్చు. పేపర్లలో, టీవీల్లో నిపుణులు చేసేదీ ఇదే.

ఇప్పుడు ఈ ఐదు కొలతలనూ మన వాళ్ళ ఆట మీద పెట్టి చూద్దాం. కొలత ఎంత గట్టిదో తెలియాలంటే ఫలితం తెలిసిన ఆట మీదే పెట్టాలి.

1962 సెప్టెంబరు 3 రాత్రి. ఊరు జకార్తా. మరునాడు ఆసియా క్రీడల ఫుట్‌బాల్ ఫైనల్, భారత్‌కూ దక్షిణ కొరియాకూ. మీరే పేపరు విలేఖరి అనుకోండి. ఎవరు గెలుస్తారని రాస్తారు?

కొరియా 1956లోనూ 1960లోనూ ఆసియా కప్ గెలిచిన జట్టు. ఇదే పోటీ మొదట్లో మన జట్టును 2-0తో ఓడించింది. మన డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. గోల్‌కీపర్ తంగరాజ్ జ్వరంతో పడి అప్పుడే లేచాడు. ఇక జనం. ఇజ్రాయెల్, తైవాన్ ఆటగాళ్ళకు ఇండోనేషియా వీసాలు ఇవ్వలేదు. దాని మీద మన దేశపు ఒలింపిక్ ప్రతినిధి జి.డి. సోంధి గట్టిగా అభ్యంతరం చెప్పాడు. దాంతో ఊరంతా మన మీద మండిపడుతోంది. మన రాయబార కార్యాలయం మీదికే గుంపు వచ్చింది. లక్ష మంది పట్టే స్టేడియంలో మన పేరు ఎత్తితే ఈలలూ కేకలే. ఐదు కొలతల్లో ఒక్కటీ మన వైపు లేదు. నిజాయితీ ఉన్న విలేఖరి ఎవరైనా కొరియా గెలుస్తుందనే రాసేవాడు. మేమైనా అదే రాసేవాళ్ళం.

మరునాడు 20 నిమిషాల్లోపే మన వాళ్ళు రెండు గోల్స్ కొట్టారు. మొదటిది పి.కె. బెనర్జీది. ఈస్టర్న్ రైల్వే జట్టు మనిషి, అంటే మా శాఖవాడు. ఆ మాట చెప్పకుండా ముందుకు పోలేం, క్షమించండి. రెండోది ఆ కుట్లు పడ్డ జర్నైల్ సింగ్‌దే. కొరియా చివర్లో ఒకటి తిరిగి కొట్టింది. 2-1తో బంగారు పతకం మనది. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు ఆ తర్వాత ఇంతవరకు బంగారం రాలేదు.

ఇది ఎలా జరిగింది? జవాబు పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో హైదరాబాద్‌లో పుట్టాడు. బడిపంతులు. అందరూ రహీం సాబ్ అనేవాళ్ళు. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్ళు బొంబాయి రోవర్స్ కప్ గెలిచింది. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో భారత జట్టు నాలుగో స్థానంలో నిలిచింది ఆయన శిక్షణలోనే. జకార్తాలో ఆయన ఏం చేశాడంటే, డిఫెండర్‌గా నిలబడాల్సిన జర్నైల్‌ను సెమీఫైనల్‌లోనూ ఫైనల్‌లోనూ ముందుకు తీసుకుపోయి సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడించాడు. జ్వరం నుంచి లేచిన తంగరాజ్‌నే ఫైనల్‌కు గోల్‌లో నిలబెట్టాడు. ఆ రోజు మైదానంలో మన వైపు యూసుఫ్ ఖాన్ హైదరాబాదీ. తులసీదాస్ బలరాం సికింద్రాబాద్ అమ్ముగూడలో తమిళ కుటుంబంలో పుట్టినవాడు. తంగరాజ్ కూడా హైదరాబాద్‌లో పుట్టిన తమిళుడే. తమిళ బడిలో చదివి తెలుగులో రాసుకునే మాకు ఆ రెండు పేర్లు ఎందుకు ప్రియమో చెప్పనక్కరలేదు.

రహీం సాబ్ ఒంట్లో అప్పటికే క్యాన్సర్ ఉంది. తొమ్మిది నెలల తర్వాత, 1963 జూన్ 11న పోయారు. ఆయన కథతో వచ్చిన 'మైదాన్' సినిమా 2024లో మనలో కొందరు చూశారు కూడా.

ఇక్కడ ఒక్క విషయం గట్టిగా పట్టుకోండి. రహీం సాబ్ కూడా జోస్యం చెప్పినవాడే. మొదటి ఆటలో 0-2 ఓడినప్పుడు, ఇలాగే ఆడితే మళ్ళీ ఓడతాం అన్నది ఆయనకు తెలిసే ఉంటుంది. అది జోస్యమే. కానీ ఆ జోస్యాన్ని తప్పు చేయడానికి ఆయన చేతిలో పని ఉంది. ఒక మనిషిని వెనక నుంచి ముందుకు జరపగలడు, ఒకరిని కూర్చోబెట్టగలడు. మా గూడ్సు ఆఫీసులో మేము చేసిందీ చిన్న ఎత్తున అదే. వచ్చే వారం ఎన్ని వ్యాగన్ల సరుకు వస్తుందో ముందే అంచనా వేసి రాసేవాళ్ళం. తప్పు అనిపిస్తే ఇంకో కాగితం పంపి సరిదిద్దుకునేవాళ్ళం. మిరప రైతు వాన చూసి కల్లంలో కాయ మీద టార్పాలిన్ కప్పుతాడు చూడండి, అదీ అంతే. పనిచేసే చేతికి జోస్యం పనిముట్టు. మెక్సికో ఆట మీద సిరొంచలో కూర్చున్నవాడు ఏం జరపగలడు? ఎవరిని ముందుకు పంపగలడు? అతని చేతిలో ఉన్నది ఒక్కటే, డబ్బు.

జకార్తా పాత కథ, ఇప్పుడు కంప్యూటర్లు వచ్చాయి, లెక్కలు వచ్చాయి అంటారేమో. సరే, పిల్లలు అడిగిన ఆ రెండు జట్ల ఆటే చూద్దాం.

2013 మే 26. మెక్సికో నగరంలోని అజ్టెకా స్టేడియం. 1970లోనూ 1986లోనూ ప్రపంచకప్ ఫైనల్స్ జరిగిన మైదానం అది. క్లౌసురా ఫైనల్ రెండో ఆట. మొదటి ఆట 1-0తో క్రూజ్ అజుల్ గెలిచి ఉంది. రెండో ఆట పద్నాలుగో నిమిషానికే అమెరికా ఆటగాడు ఒకడు రెడ్ కార్డుతో బయటికి పోయాడు. ఇరవయ్యో నిమిషంలో క్రూజ్ అజుల్ ఇంకో గోల్ కొట్టింది. కలిపి 2-0. వాళ్ళు 1997 తర్వాత లీగు కప్పు ముట్టుకోలేదు. పదహారేళ్ళ ఆకలి ఆ రాత్రితో తీరినట్టే అనుకున్నారు. 88వ నిమిషంలో ఎవరినైనా జోస్యం అడిగితే నవ్వేవాడు.

89వ నిమిషంలో అమెరికా డిఫెండర్ మోస్కెరా తలతో ఒక గోల్ కొట్టాడు. ఆపైన కలిపిన అదనపు నిమిషాల్లో కార్నర్ కిక్. గోల్‌కీపర్ మోయిసెస్ మునోజ్ తన గోల్ వదిలేసి అటు చివరికి పరుగెత్తి, గాల్లోకి దూకి తల పెట్టాడు. బంతి ఎదుటి ఆటగాడికి తగిలి లోపలికి పోయింది. కలిపి 2-2. తర్వాత పెనాల్టీల్లో అమెరికా 4-2తో కప్పు తీసుకుపోయింది. క్రూజ్ అజుల్‌కు మళ్ళీ లీగు కప్పు దక్కింది 2021లోనే. చేతికందినదాన్ని చివర్లో పోగొట్టుకోవడానికి ఆ దేశంలో జనం ఈ జట్టు పేరు మీదనే ఒక క్రియాపదం పుట్టించారు. మనం నోటికాడి కూడు జారిపోయింది అంటాం. వాళ్ళు 'క్రూజసులెయార్' అంటారు.

ఆట అంటే ఇదే, ఇందుకే చూస్తాం. చివరి నిమిషం ముందే తెలిసిపోతే పొద్దున్నే లేచి ఫోను ముందు ఎవరు కూర్చుంటారు? కానీ ఈ అందమే పందెం కాసేవాడి గొంతుకు చిక్కుకుంటుంది.

ఇక లెక్క. గుమాస్తా బుద్ధి, లెక్క వేయకుండా ఉండలేం. పందెం యాప్‌లో జట్టు పేరు పక్కన ఒక అంకె ఉంటుంది. ఉదాహరణకు సొంత మైదానం జట్టుకు 2.00, డ్రాకు 3.20, ఎదుటి జట్టుకు 3.60 అనుకోండి. రూపాయి పెట్టి గెలిస్తే అన్ని రూపాయలు ఇస్తాం అని దాని అర్థం. ఇప్పుడు ఏ ఫలితం వచ్చినా మీ చేతికి కచ్చితంగా 100 రావాలంటే ఎంత పెట్టాలి? మొదటి జట్టు మీద 50 రూపాయలు. డ్రా మీద 31 రూపాయల 25 పైసలు. ఎదుటి జట్టు మీద 27 రూపాయల 78 పైసలు. కూడండి. 109 రూపాయల 3 పైసలు. అంటే నూరు తీసుకోవడానికి నూట తొమ్మిది కట్టాలి. ఆ తొమ్మిది బుకీది. ఎవడు గెలిచినా బుకీ గెలుస్తాడు. అతను ఆట మీద పందెం కాయడు, మన మీద కాస్తాడు.

ఇదే లెక్క మన ప్రతిపాదనకు కూడా వేశాం. తలా వందలో సగం రేకులకు అన్నారు. అంటే నూరు కట్టిన పిల్లలందరికీ కలిపి తిరిగి వచ్చేది యాభై. బుకీ నూట తొమ్మిదిలో తొమ్మిది తీసుకుంటే, మన సంఘం నూరులో యాభై తీసుకుంటుంది. మంచి పనికే కావచ్చు. కానీ తెలివికి పరీక్ష అన్న పేరుతో తీసుకుంటుంది. నేరుగా చందా అడిగితే కాదనే పిల్లవాడి దగ్గర ఆశ చూపించి తీసుకోవడం మనకు తగునా?

ఇందులో కొత్తేమీ లేదు. పాత తరం వాళ్ళకు మట్కా గుర్తుండే ఉంటుంది. అది ఎక్కడ మొదలైందో తెలుసా? బొంబాయి పత్తి బజారులో. అమెరికాలోని న్యూయార్క్ పత్తి ఎక్స్ఛేంజీ తెరిచినప్పుడు ధర ఎంత, మూసినప్పుడు ధర ఎంత అని తంతి మీద బొంబాయికి వచ్చేది. ఆ అంకెల మీద జనం పందెం కాసేవాళ్ళు. అందుకే మట్కాలో 'ఓపెన్', 'క్లోజ్' అన్న మాటలు. 1961లో ఆ అంకెలు రావడం ఆగింది. 1962లో కళ్యాణ్‌జీ భగత్ వర్లీ మట్కా పెట్టాడు. 1964లో రతన్ ఖత్రీ న్యూ వర్లీ మట్కా తెచ్చాడు. పత్తి పోయింది, కుండలోంచి తీసిన అంకె మిగిలింది. అక్కడ జకార్తాలో రహీం సాబ్ జట్టు ఓటమి జోస్యాన్ని కాళ్ళతో తన్నిన ఏడాదే, ఇక్కడ బొంబాయిలో ఈ దుకాణం తెరుచుకుంది. ఇప్పుడు మెక్సికో లీగు పేర్లు చూడండి. అపెర్తురా, క్లౌసురా. ఓపెన్, క్లోజ్. ఆ లీగుకు మట్కాతో ఏ సంబంధమూ లేదు, కేవలం మాటల పోలిక. కానీ మన బస్టాండు బెంచీ మీద మాత్రం రెండింటి పనీ ఒకటే అవుతోంది. సముద్రాల అవతల తెరిచి మూసే ఒక అంకె కోసం ఇక్కడ జేబులు ఖాళీ అవుతున్నాయి.

దూరదేశపు పత్తి మీద మన ఊరు కూడా ఒకప్పుడు నష్టపోయింది. 1860లో నిజాం దగ్గర నుంచి ఈ గట్టు ఇంగ్లీషువాళ్ళకు వచ్చాక సిరొంచ ఎగువ గోదావరి జిల్లాకు ముఖ్యపట్టణమైంది. వార్ధా, నాగపూర్ వైపు పత్తిని ప్రాణహిత, గోదావరి మీదుగా పడవల్లో సముద్రానికి దించాలన్నది ఆర్థర్ కాటన్ దొర ఆలోచన. అమెరికాలో అంతర్యుద్ధం వచ్చి అక్కడి పత్తి ఆగిపోయినప్పుడు ఆ ఆలోచనకు ఇంకా బలం వచ్చింది. దుమ్ముగూడెం దగ్గర, ఎంచంపల్లి దగ్గర నదిలో రాతి మెట్టలు అడ్డం. అక్కడ పనులు మొదలుపెట్టారు. ఈలోగా 1867లో బొంబాయి నుంచి రైలు నాగపూర్ చేరింది. పత్తి రైలెక్కింది. 1871లో నది పనులు ఆపేశారు. 1874లో మన జిల్లా చాందా జిల్లాలో కలిసిపోయింది. జోస్యం చెప్పినవాళ్ళు తెలివితక్కువవాళ్ళు కారు. మన గోదావరి డెల్టాకు నీళ్ళిచ్చిన మహానుభావుడి లెక్క అది. అయినా తప్పింది. పై వాళ్ళు ఇంకో పనికి పోయారు, వెనకబడింది మన ఊరు. నష్టం ఎప్పుడూ పందెం పెట్టించినవాడి ఇంట్లో ఉండదు.

ఇంతసేపు ఊరి సంగతి చెప్పాం. ఇప్పుడు మా సంగతి. మా ఇంటావిడ దీన్ని రాయమంది, లేకపోతే మిగతాదంతా నీతులు చెప్పినట్టుంటుంది అంది.

1986లో మెక్సికోలో ప్రపంచకప్ జరిగింది. మాకు అప్పుడు పాతికేళ్ళు దాటాయి, పెళ్ళి కాలేదు. బల్లార్షా క్వార్టర్లలో నలుగురం ఒకచోట ఉండేవాళ్ళం. క్వార్టర్ ఫైనల్, బ్రెజిల్‌కూ ఫ్రాన్స్‌కూ, జూన్ 21న. బ్రెజిల్ అప్పటికి నాలుగు ఆటలు ఆడి నాలుగూ గెలిచింది, ఒక్క గోల్ కూడా ఇవ్వలేదు. పైన చెప్పిన ఐదు కొలతలూ అప్పుడే మాకు తెలుసు. తెలివి ఉందనుకున్నాం. అమ్మకు పంపాల్సిన మనియార్డరు డబ్బు మొత్తం బ్రెజిల్ మీద పెట్టాం.

మరునాడు వార్త వచ్చింది. 1-1 సమానమై పెనాల్టీల్లో ఫ్రాన్స్ గెలిచింది. ఆట మధ్యలో బ్రెజిల్‌కు పెనాల్టీ దొరికితే జీకో కొట్టలేకపోయాడు. చివరి పెనాల్టీల్లో సోక్రటీస్ పోగొట్టాడు. గెలిచిన ఫ్రాన్స్ వైపు ప్లాటినీ కూడా పోగొట్టాడు. ప్రపంచంలో బంతిని అందరికంటే బాగా తన్నే ముగ్గురు, పన్నెండు గజాల నుంచి, ఒకే రోజు. దీన్ని ఎవరు ముందే చెప్పగలరు?

ఆ నెల ఇంటికి డబ్బు పోలేదు. ఆఫీసులో జీతం ఆలస్యమైందని అబద్ధం రాశాం. మా ఊరివాడే ఇంకో సెక్షన్‌లో పనిచేసేవాడు, అతని ద్వారా అమ్మకు నిజం తెలిసింది. అమ్మ ఉత్తరం రాసింది. మా ఇంట్లో మాట తెలుగు, రాత తమిళం. తమిళ లిపిలో ప, బ రెండింటికీ ఒకే అక్షరం, ద, ధ లకూ ఒకటే. అమ్మ పందేన్ని 'పందం' అనేది. ఆ ఉత్తరంలో ఒక వాక్యం ఉంది. 'మనకు పందం వద్దు' అని అమ్మ రాసింది. మేము మొదట చదివింది 'మనకు బంధం వద్దు' అని. తప్పు చేసినవాడి కళ్ళకు అలాగే కనబడుతుంది. ఆ రాత్రి ప్లాట్‌ఫారం చివర బెంచీ మీద కూర్చొని ఆ ఒక్క పదాన్ని ఎన్నిసార్లు చదివామో లెక్కలేదు. కింది వాక్యంలో వరికోతలకు వచ్చి పొమ్మని ఉంది. అప్పుడుగాని అది పందం అని తెలియలేదు. సరిగ్గా చదివినా అర్థం పెద్దగా మారలేదనిపించింది. పందం ఉన్నచోట బంధం సన్నబడుతుంది. ఆ తర్వాత ఇంతవరకు ఏ అంకె మీదా రూపాయి పెట్టలేదు.

ఈ నెలలో మన సభ్యురాలు ఒకామె మా ఇంటికి వచ్చింది. ఎండలో తునికాకు కోసిన డబ్బు, కొడుకు ఖాతాలో పడ్డది, రెండు ఆదివారాల్లో పోయింది. "అన్నా, వాడు జూదమాడిండని ఎవరికీ చెప్పకు, ఆట చూసిండు అంతే అంటున్నడు. సంఘం ఫండు నుంచి కొంచెం అప్పు ఇప్పియ్యి" అంది. పేరు మేము చెప్పం, మీరూ వెతకవద్దు. కానీ ఒక్కటి ఆలోచించండి. రేకుల కోసం మనమే అదే ఆట పెడితే, ఆమె కొడుకుకు రేపు ఏ నోటితో బుద్ధి చెప్తాం?

చట్టం సంగతి కూడా చెప్పాలి. కాళేశ్వరం వంతెన దాటితే తెలంగాణ. అక్కడ 2017 నుంచే ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడే ఆటల మీద నిషేధం ఉంది. మన వైపు 1887 నాటి జూద నిరోధక చట్టం ఉంది. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ కలిపి ఆన్‌లైన్ డబ్బు ఆటలను నిషేధిస్తూ చట్టం చేసింది. సంఘం పుస్తకాల్లో ఇలాంటి వసూలు రాసుకుంటే రేపు కార్యదర్శి ఏం జవాబు చెప్తాడు? ఇది భయపెట్టడానికి చెప్పడం లేదు. పోలీసు రాకపోయినా తప్పు తప్పే.

మా ప్రతిపాదన ఇది. పిల్లల ఆట చూడటాన్ని ఆపవద్దు. ఆదివారం పొద్దున హాల్లోనే టీవీ పెడదాం. గోడ మీద నల్లబోర్డు ఉంది కదా, ఆట మొదలయ్యేముందు ఎవరికి తోచిన జోస్యం వారు కారణంతో సహా రాయాలి. గెలుస్తుంది అని ఊరికే రాస్తే ఒప్పుకోం, ఎందుకు గెలుస్తుందో రాయాలి. ఆట అయ్యాక ఏ కారణం నిలిచింది, ఏది కూలింది మాట్లాడుకోవాలి. ఎక్కువసార్లు సరిగ్గా చెప్పినవాడికి ఏడాది చివర ఒక మంచి ఫుట్‌బాల్ ఇద్దాం. దాంతో వాళ్ళే మైదానంలోకి దిగి ఆడతారు. అప్పుడు వాళ్ళ జోస్యం వాళ్ళ కాళ్ళలో ఉంటుంది. రేకులకు చందా వేద్దాం, రసీదు ఇద్దాం. మా పెన్షన్ నుంచి 5,000 రూపాయలు మీటింగు రోజు తెస్తాం. మొదటి రసీదు మాకే రాయండి. ఆ తల్లికి అప్పు ఇచ్చే విషయం ఫండు కమిటీ చూసుకోవాలి. కొడుకు నెల నెలా తన కూలీ నుంచి తీర్చాలన్నది ఒక్కటే మా మాట.

చివరగా, పిల్లలు అడిగిన జోస్యం బాకీ ఉంది. అమెరికా, క్రూజ్ అజుల్. రెండూ మెక్సికో నగరం జట్లే కాబట్టి ఎత్తు ఎవరికీ సాయం చేయదు. ప్రయాణం అలసట లేదు. రెండూ ఒకదాన్నొకటి బాగా ఎరిగిన జట్లు. పదిసార్లు ఆడితే నాలుగుసార్లు అమెరికా, మూడుసార్లు డ్రా, మూడుసార్లు క్రూజ్ అజుల్ అని మా అంచనా. ఒకే మాట చెప్పమంటే అమెరికా అంటాం. తప్పయితే సోమవారం టీ మా ఖర్చు. సరైతే కూడా మా ఖర్చే.

మీటింగుకు అందరూ రండి. ముఖ్యంగా ప్రతిపాదన పెట్టిన తమ్ముడు తప్పకుండా రావాలి. బోర్డు మీద మొదటి జోస్యం ఆయన చేతే రాయిద్దాం.